వేణు చెవిలో ఎవరున్నారు

మిర్యాలగూడ,
జూలై నెల.

నా బిడ్డ లతకు,

అమ్మ రాసేది. నువ్వు సూర్యాపేట పోయిన నాటి నుంచి రాద్దామనే కూర్చుంటున్నాను. పెన్ను పట్టుకుంటే చెయ్యి కదలడం లేదు. ఐదో తరగతితో బడి మానిన దాన్ని. తప్పులుంటే నవ్వుకో, కానీ ఆఖరుదాకా చదువు.

ఫోన్ ఎత్తమ్మా, ఎత్తమ్మా అని కబురు మీద కబురు పంపుతున్నావు. నిన్న పక్కింటి అనసూయ తన ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించబోయింది. "ఒక్కమాట మాట్లాడు వదినా, పిల్ల పరేషాన్ అయితుంది" అంది. నేను లేచి వాకిట్లోకి పోయాను. నేను ఇంక ఫోన్ ముట్టను బిడ్డా. ఎందుకో నీకు సగమే తెలుసు. మిగతా సగం నీ ముఖం చూసి చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

ఆ సాయంత్రం గ్యాస్ బండి వచ్చింది. గ్యాస్ ఆయన "మెసేజ్‌ల నంబర్ వచ్చి ఉంటది, చెప్పమ్మా" అన్నాడు. మన గ్యాస్‌కు మీ అన్న వేణు ఫోనే రాసి ఉంది కదా, ఆ నంబర్ అన్నకే వస్తుంది. అడుగుదామని అన్నకు చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తారు. ఎత్తింది వేణు కాదు. ఎవరో పెద్దమనిషి. వెనక జనం అరుపులు. "అమ్మా, ఈ పిల్లగాడు నీకేమైతడు?" అని అడిగాడు. గ్యాస్ ఆయన వాకిట్లోనే నిలబడి నా వైపు చూస్తున్నాడు. ఆయన్ను పొమ్మని చెప్పానో లేదో కూడా నాకు గుర్తు లేదు.

దవాఖానకు అన్న పని చేసే కోదాడ బ్యాంకు మేనేజర్ వచ్చాడు, గణేష్ సార్. మీ నాయిన పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఫోన్ మాట్లాడుతూ బండి నడిపినట్టున్నాడండీ. చివర్లో అమ్మగారి ఫోనే ఉంది" అన్నాడు. మెల్లగానే అన్నాడు, మంచిగానే అన్నాడు. నాయిన నా దిక్కు చూశాడు. లతా, ఆ చూపు తరువాత ఇంతవరకు నాయిన నాతో మాట్లాడలేదు. మీరంతా కొడుకు పోయిన దుఃఖంతో నోరు పడిపోయింది అనుకుంటున్నారు. అందరితో మాట్లాడుతాడు. మిల్లులో తోటి హమాలీలతో మాట్లాడుతాడు. నాతోనే లేదు. నేను వండింది తినడు. మిల్లు ఎదురుగా హోటల్‌లో తిని వచ్చి, గోడ దిక్కు తిరిగి పడుకుంటాడు. తిట్టినా, నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

నా కొడుకు, వాణ్ణి గుద్దిన లారీ మీది నుంచి కన్ను మళ్లించింది నా ఫోన్ చూడడానికేనా? గ్యాస్ నంబర్ కోసం నా కొడుకును నేనే చంపుకున్నానా? ఇది తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు. మిల్లులో వడ్లు ఊడుస్తున్నా ఇదే, నీళ్లు పట్టినా ఇదే.

ఇప్పుడు అసలు మాట. నువ్వూ అన్న చదివిన చదువే పట్టావు. ఆఖరు ఏడాది క్లాసులు ఉండవు, ఏడాదంతా బ్యాంకులో పని చేస్తేనే డిగ్రీ ఇస్తారని అన్న చెప్పేవాడు. నువ్వు పోవద్దు. మామూలు డిగ్రీలోకి మారు. ఒక్కదానివే మిగిలావు. నా మాట కాదనకు.

రాయి. ఫోన్ మాత్రం వద్దు.

అమ్మ


సూర్యాపేట,
ఆగస్టు.

అమ్మా,

ఉత్తరం అందింది. హాస్టల్‌లో అందరూ గుమిగూడారు. మా వార్డెన్ కవరును అటూ ఇటూ తిప్పి చూసి "ఏందే లతా, కోర్టు నోటీసా? ఎవన్ని కొట్టినవ్?" అంది. మా అమ్మ ఉత్తరం అంటే ఎవరూ నమ్మలేదు. చదవడానికి మేడ మీదికి పోయాను. అందుకే ఎవరికీ నా ముఖం కనపడలేదు.

నువ్వు చెప్పినట్టే మారాను. మామూలు డిగ్రీయే. బెంగ పెట్టుకోకు. పొద్దున్నే బస్సెక్కుతాను, చీకటి పడే వేళకు రూంకు వస్తాను. అన్నం బాగానే ఉంటుంది, పప్పు మాత్రం నీళ్లు. 

నువ్వు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. అది నీ ఫోన్ వల్ల కాదమ్మా అని రాయాలని ఉంది. కానీ ఏమీ తెలియకుండా ఊరికే అన్న మాట నువ్వెందుకు నమ్మాలి? అనసూయత్త రోజూ అంటూనే ఉంటుంది కదా. అందుకని నేను అనడం లేదు.

నాయిన సంగతి నాకు ముందే చెప్పవలసింది. నువ్వు మాత్రం అన్నం మానకు. నాయిన తినకపోతే నీ వంతు నువ్వు తిను.

లత


మిర్యాలగూడ,
దసరా పోయిన వారం.

లతా,

నీ హాస్టల్ వెనక గోడ దూకితే కాలేజీ అన్నావు పోయినేడు. మరి బస్సు దేనికి అని నాకు అప్పుడే రావలసిన ఆలోచన. రాలేదు. తల్లిని కదా, చెప్పింది నమ్మాను.

అనసూయ చెల్లెలిని చూడడానికి కోదాడ పోయి వచ్చింది. వచ్చీ రాగానే గడప మీద కూర్చుని ఏమందో విను. "వదినా, నీ బిడ్డ కోదాడ బస్టాండ్ల గొడుగు కింద నిలబడ్డది. మెడల బ్యాంకు పట్టీ ఉంది. పోయేటోళ్లను వచ్చేటోళ్లను ఆపి 'అక్కా, ఖాతా తెరుస్తరా' అని అడుగుతుంది. నన్నే ఆపింది! ముఖం చూసినంక నాలుక కరుసుకుంది. నేను 'మా ఇంట్ల ఉన్న ఖాతాల పైసలు ఉంటె గద బిడ్డా' అన్న. నవ్వలే."

నవ్వలేదట. ఏ ముఖంతో నవ్వుతావు?

నేను రాసుకుంటూ కూర్చుంటే పద్ధతిగా రాయాలని చూస్తాను. ఇయ్యాల నాకు పద్ధతి లేదు. ఎందుకు పోయినవ్ బిడ్డా? ఊర్ల బ్యాంకులే లేనట్టు గా కోదాడకే, గా మేనేజర్ కిందికే ఎందుకు పోయినవ్? వద్దని చేతులు పట్టుకున్నట్టు రాస్తే, సరేనమ్మా అని రాసి, గా కుర్చీలనే పోయి కూసున్నవా? నీ నాయిన మాట్లాడడు, నువ్వు మాట్లాడి అబద్ధం చెప్తవ్. ఇద్దర్ల ఎవరు నయం? ఒక్కదానివే మిగిలినవ్ అని నేను ఏడుస్తుంటె, నువ్వు గా లారీల తొవ్వకే పోతివి.

మానెయ్. ఉత్తరం అందిన నాడే మానెయ్. డిగ్రీ లేకపోతే మిల్లుల ఊడుస్తవ్, నాతోని ఊడుస్తవ్. బతికుంటవ్.

అమ్మ


సూర్యాపేట,
అక్టోబర్ చివర.

అమ్మా,

నువ్వు తిట్టినవన్నీ నాకు తగినవే. అబద్ధం రాశాను. అయితే ఊరికే రాయలేదు. ఆఖరుదాకా చదువు అని నువ్వే అన్నావు కదా, ఇప్పుడు నువ్వు చదువు.

మారడానికి కాలేజీలో ఒప్పుకోలేదు. మూడో ఏడు బ్యాంకులో చెయ్యకపోతే మొదటి రెండేళ్లూ పోయినట్టే అన్నారు. అది ఒక కారణం. కానీ సూర్యాపేటలోనే వేరే బ్యాంకు ఇస్తామన్నారు. నేనే కోదాడ అడిగాను. ఆ పొద్దు ఫోన్‌లో అన్న చెవిలో ఎవరున్నారో తెలుసుకోవాలని అడిగాను. నువ్వు ఇంట్లో కూర్చుని దేవుణ్ణి అడుగుతున్నావు. నేను మనుషులను అడుగుదామని పోయాను.

గణేష్ సార్‌కు నేను వేణు చెల్లెలినని తెలియదు. దవాఖానకు నేను రాలేదు కదా, తిన్నగా ఇంటికే వచ్చాను. మన ఇంటిపేరు వాళ్లు ఆ బ్యాంకులోనే ఇంకో ఇద్దరున్నారు. ఎవరికీ చెప్పకు.

ఏం పని చేస్తానంటే, పొద్దున పింఛన్ ముసలివాళ్లకు చీటీలు రాసిపెడతాను. వేలిముద్ర పడక పడక విసిగి, ఒక అవ్వ నా చేతి మీద కొట్టింది. "పోయినేడు పొడుగు పిల్లగాడు ఉండె. నా వేలు కొంగుకు తుడిసి, మెల్లగ ఒత్తితే ఒక్కసారికే పడేది. నీకు రాదు" అంది. నేను ఆ అవ్వ వేలు ఆమె కొంగుకే తుడిచి మెల్లగా ఒత్తాను. పడింది. తరువాత బాత్రూంలోకి పోయి కూర్చున్నాను.

మధ్యాహ్నం నుంచి బయటి పని. బస్టాండ్ దగ్గర గొడుగు, లేకపోతే ఊళ్లు. మఠంపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీ కూలీలకు ఖాతాలు తెరవాలి. అన్నది కూడా అదే పని. మాకు జీతం అనరు, నేర్చుకునేవాళ్లం కదా. కానీ ఇన్ని ఖాతాలు తేవాలని మాత్రం అందరికంటే ముందు మమ్మల్నే అడుగుతారు.

ఇంకొకటి ఉంది. సాయంత్రం కాల్. రోజూ బయటి పనికి పోయిన వాళ్లందరూ ఎక్కడున్నా సరే ఫోన్‌లో ఒకేసారి చేరాలి. పొలం గట్టు మీద ఉన్నా, బస్సులో ఉన్నా. సార్ పేరు పేరునా పిలిచి ఈరోజు ఏం తెచ్చావని అడుగుతాడు. తేని వాళ్లను అందరూ వింటుండగానే కడుగుతాడు. పేరు పిలిచినప్పుడు పలకకపోతే ఆ రోజు రానట్టు రాస్తారు. నా తోటి అబ్బాయిలు బండ్ల మీద చెవుల్లో తీగలు పెట్టుకునే తిరుగుతారు.

ఆ పొద్దు అన్న ఆ కాల్‌లో ఉన్నాడా అని నా అనుమానం. అడిగితే అందరూ మాట మారుస్తున్నారు. ఒకాయన "పాత సంగతులెందుకమ్మాయ్, నీ సంవత్సరం నువ్వు పూర్తి చేసుకో" అన్నాడు.

నేను బండి నడపను. బస్సులోనే పోతాను, బస్సులోనే వస్తాను. ఇది నిజం.

లత


మిర్యాలగూడ,
నవంబర్.

లతా,

నీ ఉత్తరం మడిచి రవికెలో పెట్టుకుని మిల్లుకు పోతున్నాను. చెమటకు అక్షరాలు అంటుకుపోయాయి.

నేను నీకు మానెయ్ అని రాశాను. ఇప్పుడు మానవద్దని రాయాలని ఉంది. చూడు నా బుద్ధి. బిడ్డ బతుకు కంటే నాకు నా తప్పు లేదని తెలియడమే ఎక్కువైందా? రాత్రి పగలు ఇదే తన్నులాట. మానెయ్ అని నోటితో అంటాను, ఇంకా ఏం తెలిసిందో అని పోస్టు ఆయన సైకిల్ కోసం చూస్తాను.

ఒకటే భయం. అడగబోతే అన్న కాల్‌లో లేడని తెలిస్తే? అప్పుడు నా ఫోన్ ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడైతే అనుమానం అన్నా ఉంది. తెలిసిపోతే ఆ అనుమానం కూడా ఉండదు.

అయినా అడుగు. ఏది తేలినా దాచకుండా రాయి. నన్ను చూసి జాలిపడి మార్చి రాయకు. మీ నాయిన మౌనం భరించాను, ఏదైనా భరిస్తాను.

నాయినకు నీ సంగతి చెప్పాను, నువ్వు కోదాడలో ఉన్నావని. గోడ దిక్కే ఉన్నాడు. కానీ తెల్లవారి మిల్లుకు పోయేటప్పుడు గుమ్మంలో ఆగాడు. ఏమైనా అంటాడేమో అని చూశాను. తువ్వాల దులుపుకుని పోయాడు.

చలి మొదలైంది. దుప్పటి కొనుక్కో.

అమ్మ


సూర్యాపేట,
డిసెంబర్.

అమ్మా,

కూర్చుని చదువు. నాయిన ఉంటే నాయిన ముందు చదువు.

హుజూర్‌నగర్ దాటాక రోడ్డు పక్కన పంక్చర్ షాపు ఉంది. షాపు ఆయన పేరు గౌరయ్య. నీ ఫోన్ ఎత్తిన పెద్దమనిషి ఆయనే. మఠంపల్లి నుంచి వచ్చేటప్పుడు అక్కడ బస్సు దిగాను. రెండుసార్లు దిగి, ధైర్యం చాలక మళ్లీ బస్సెక్కాను. ఈసారి పోయి, నేను ఆ పిల్లవాడి చెల్లెలిని అన్నాను. ఆయన చేతిలో ట్యూబు ఉంది, దాన్ని నీళ్ల తొట్టిలోనే వదిలేసి నాకు స్టూల్ వేశాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"లారీ ఆగలే బిడ్డా. నేను ఉరికిన. పిల్లగాడు ఇవతల, బండి అవతల. చెవుల తీగలు ఊడిపోయినయ్. ఫోన్ నా కాళ్ల కాడ పడ్డది, అద్దం పలిగింది గని బంద్ కాలే. దాంట్లకెల్లి మాటలు వస్తనే ఉన్నయ్. ఒక మొగాయన. ఒక్కొక్కల పేరు పిలుస్తుండు, ఎన్ని తెచ్చినవ్, ఎన్ని తెచ్చినవ్ అని అడుగుతుండు. నేను ఫోన్ చేతికి తీసుకొని అరిసిన. 'అయ్యా, మీ పిల్లగాడు పడ్డడయ్యా, ఎవలన్న రాండ్రి' అని ఒర్లిన. పక్కన మనిషితోని మాట్లాడినట్టే గట్టిగ చెప్పిన. ఆయన ఆగలే. నా మాట ఇననట్టే ఇంకొకల పేరు పిలిసిండు. నాకు మస్తు కోపమొచ్చింది. మనిషి సస్తుంటే లెక్కలేంద్రా అని తిట్టిన గూడ. అయినా ఉలుకు లేదు, పలుకు లేదు. గప్పుడు అమ్మ అని పేరు పడ్డది ఫోన్ మీద. మోగింది. మోగంగనే గా మాటలు ఆగినయ్. నేను ఎత్తిన. గదే మీ అమ్మతోని మాట్లాడింది."

అమ్మా, నీ ఫోన్ మోగేటప్పటికే అన్న కింద పడి ఉన్నాడు. నేను గౌరయ్యను నాలుగు తీర్లుగా తిప్పి అడిగాను. చివరికి ఆయనకే విసుగొచ్చి "నన్ను పోలీసోళ్లు గూడ ఇన్నిసార్లు అడగలే" అన్నాడు. ఆయన మాట మారలేదు. జాలిపడి మార్చి రాయడం లేదు. నీ ఫోన్ కాదు.

అన్న చెవిలో ఉన్నది గణేష్ సార్. దవాఖానలో నాయిన పక్కన నిలబడి, చివర్లో అమ్మగారి ఫోన్ ఉందన్న మనిషే.

ఒక్కటి బతిమాలుతాను. కోదాడ రావద్దు. ఇప్పుడు గొడవైతే నన్ను పంపించేస్తారు, ఏడాది పోతుంది, డిగ్రీ పోతుంది. జూన్‌తో నా పని అయిపోతుంది. ఆ తరువాత ఇద్దరం కలిసి పోదాం.

లత


మిర్యాలగూడ,
డిసెంబర్.

లతా,

చదివాను. మూడుసార్లు చదివాను. నాయిన ముందు చదవలేకపోయాను. నీ ఉత్తరం ఆయన తలగడ మీద పెడదామనుకున్నాను, నాయినకు చదువు రాదు కదా.

జూన్ దాకా నేను ఆగలేను. వస్తున్నాను. నీ పేరు ఎత్తను. నువ్వు నన్ను ఎరగనట్టే ఉండు.

అమ్మ


సూర్యాపేట,
జనవరి.

అమ్మా,

నువ్వు బ్యాంకులోకి అడుగుపెట్టినప్పుడు నా చేతిలో చీటీ కింద పడిపోయింది. మిల్లు చీరలోనే వచ్చావు. కొంగు మీద తౌడు ఉంది. నువ్వు నా బల్ల ముందుకే వచ్చి "మేనేజర్ సార్‌ను కలవాలె" అన్నావు. నేను "కూర్చోండి అమ్మా, సార్ పిలుస్తారు" అన్నాను. నా నోటితో నిన్ను మీరు అన్నాను. నువ్వు "మంచిది మేడం" అని వెళ్లి కూర్చున్నావు. ఆ మాట నన్ను ఇప్పటికీ తింటోంది.

అద్దాల గదిలో మీరిద్దరూ కనపడుతున్నారు కానీ మాట వినపడదు. మొదట సార్ నవ్వాడు. తరువాత నవ్వు పోయింది. లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. నీళ్ల గ్లాసు నీ ముందుకు జరిపాడు, నువ్వు వెనక్కి జరిపావు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అంతే, నువ్వు లేచి వచ్చావు. నా ముందు నుంచే పోయావు, నా దిక్కు చూడలేదు. కౌంటర్ దాటి వెనకాల రాలేక నేను అక్కడే చచ్చాను.

ఏమన్నాడు? నువ్వేమన్నావు?

ఆ మరునాడు సాయంత్రం కాల్‌లో పేర్లు పిలిచే ముందు సార్ "బండి మీద ఉన్నవాళ్లు పక్కన ఆపి మాట్లాడండి" అన్నాడు. అందరూ ఆశ్చర్యపోయారు. నాలుగు రోజులు అలాగే అన్నాడు. పై నుంచి ఎవరో మీ బ్రాంచ్ వెనకబడిందని అందరి ముందు సార్‌ను కడిగారట. ఇప్పుడు ఆ మాట అనడం మానేశాడు.

లత


మిర్యాలగూడ,
జనవరి.

నా బిడ్డకు,

నువ్వు మీరు అన్నావని బాధపడకు. నేను మేడం అన్నప్పుడు నాకు ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. ఆ ఒక్క క్షణమే.

లోపల ఏమైందో రాస్తాను. దాచకుండా రాయమని నిన్ను అడిగాను కదా, నేనూ దాచను.

వేణు తల్లిని అన్నాను. వేణు నాకు తమ్ముడి లాంటివాడండీ అన్నాడు. తమ్ముడి లాంటివాడైతే ఆ పొద్దు వాని చెవిలో ఉన్నది నువ్వని దవాఖానలో ఎందుకు చెప్పలేదు అని అడిగాను. నీకు రాస్తున్నంత నెమ్మదిగానే అడిగాను. నా గొంతు నాకే వింతగా ఉంది. ఆయన ముందు తెలియనట్టు చూశాడు. పంక్చర్ షాపు ఆయన అంతా విన్నాడు సార్ అన్నాను. అప్పుడు కళ్లద్దాలు తీశాడు.

"నేను కావాలని చెయ్యలేదమ్మా. నాకూ పైన వాళ్లుంటారు. ఆరోజు లారీల చప్పుడు విపరీతంగా వస్తోంది వేణు వైపు నుంచి. ఎవరి మాటా వినపడట్లేదు. అందుకని వేణు గొంతు నా వైపు నుంచే ఆపేశాను. అలా ఆపొచ్చు మేము. ఆ తర్వాత అటు ఏం జరిగినా ఇక్కడికి వినపడదు" అన్నాడు.

గౌరయ్య ఎందుకు అరిచినా పలకలేదో అప్పుడు తెలిసింది నాకు. పాపం ఆ పెద్దమనిషి గొంతు చించుకున్నాడు. వాళ్లు తలుపు మూసుకున్నారు.

ఆపే ముందు నా కొడుకు ఏమన్నాడు సార్ అని అడిగాను. నేను కదలకుండా కూర్చున్నాను. "సార్, నా మాట వినపడుతుందా, అన్నాడమ్మా. రెండుసార్లు అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. ఆపేశాను" అన్నాడు.

ఇంకొకటి కూడా అన్నాడు, నేను అడగకుండానే. ఏడుపు వచ్చిన మనిషి ఏదో ఒకటి చెప్పుకుంటాడు కదా. "మీ ఫోన్ వస్తే మాత్రం వేణు కాల్ మధ్యలోనైనా బండి పక్కకు ఆపి మీతో మాట్లాడి వచ్చేవాడమ్మా. దానికి ఒకసారి అందరిలో తిట్టాను" అన్నాడు.

లతా, నా మీది బరువు దిగుతుందనే కోదాడ పోయాను. నా ఫోన్ వాణ్ణి చంపలేదని తెలిసింది. కానీ ఈ మాట విన్నాక ఇంకొక బరువు ఎక్కింది. ఆ సాయంత్రం గ్యాస్ ఆయన వచ్చాక నేను వెంటనే చెయ్యలేదు. ఖాళీ సిలిండర్ బయటికి దొర్లించాను, చేతులు కడుక్కున్నాను, అప్పుడు చేశాను. ముందే చేసి ఉంటే వాడు బండి పక్కకు ఆపేవాడు. లారీ పోయేది. గ్యాస్ నంబర్ చెప్పేవాడు. తిట్లు తిన్నాక కూడా ఆపేవాడా అంటే, ఆపేవాడనే అనుకుంటున్నాను. నేను వాని తల్లిని, ఇంకేం అనుకుంటాను.

నేను గణేష్ సార్‌ను శపించలేదు. శపిద్దామనే పోయాను. ఆయన బల్ల మీద ఫోన్ మోగింది. ఆ ఏడుపు ముఖంతోనే తీసి "యస్ సార్, ఉన్నాను సార్" అన్నాడు. నేను లేచి వచ్చేశాను.

నువ్వు నీ ఏడాది పూర్తి చెయ్యి. వద్దని ఇంక అనను. కానీ సాయంత్రం ఆ కాల్ వచ్చే వేళకు ఎక్కడ ఉంటే అక్కడ కూర్చో. బస్సులో ఉంటే దిగకు. రోడ్డు దాటుతూ పలకకు. వాళ్లు రానట్టు రాసుకుంటే రాసుకోనీ. నడిచేటప్పుడు ఎవరు పిలిచినా ఎత్తకు, నేను పిలిచినా ఎత్తకు.

ఆఖరున నాయిన మాట.

కోదాడ నుంచి వచ్చి చెప్పాను. మధ్యాహ్నం పూట, ఆయన మిల్లు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. నేను వెనక నిలబడి మొత్తం చెప్పాను, గౌరయ్య మాట, సార్ మాట, వేణు ఆఖరుకు అన్న మాట. చెంబు చేతిలోనే ఉంది. నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. తరువాత నా దిక్కు తిరిగాడు. దవాఖాన తరువాత నా ముఖం చూసింది అప్పుడే.

"మరి వినపడుతుంది బిడ్డా అని ఒక్కలన్న చెప్పలేదా వానికి?" అని అడిగాడు.

లేదయ్యా, ఎవరూ చెప్పలేదు అన్నాను.

అమ్మ